ఆరంభ సూరత్వం

2023 జూన్ 21, బుధవారం. తెల్లారేసరికి సూరత్‌లో డుమస్ రోడ్డు మీద దాదాపు లక్షన్నర మంది చాపలు పరుచుకుని కూర్చున్నారు. వై జంక్షన్‌లో నిలబడితే ఎటు చూసినా మోకాళ్ళే. ముఖ్యమంత్రి భూపేంద్ర పటేల్ వచ్చారు. కెమెరాలు వచ్చాయి. గిన్నిస్ కోసం తలలు లెక్కపెట్టేవాళ్ళూ వచ్చారు. లక్షన్నర నడుములు ఒక్కసారి వంగి ఒక్కసారి లేచాయి. అయిదేళ్ళ కిందట రాజస్థాన్‌లోని కోటాలో లక్షా 984 మంది నెలకొల్పిన రికార్డు కాస్తా మట్టి కరిచింది. ఒకే చోట జరిగిన అతి పెద్ద యోగా పాఠం మాదేనని సూరత్ చేతికి ధ్రువపత్రం వచ్చింది.

మర్నాడు గురువారం. ఆ రోజు గురించి గిన్నిస్ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. నిన్న ఎంతమంది వంగారో లెక్కపెట్టడానికి ఓ సంస్థ ఉంది గానీ, ఇవాళ ఎంతమంది వంగారో అడిగే నాథుడు భూమ్మీద లేడు. "అత్యధికులు మర్నాడు కూడా వచ్చిన యోగా" అని ఒక విభాగం తెరిస్తే పోటీకి దిగే ప్రభుత్వం ఏదో చెప్పండి, దరఖాస్తు రుసుము మనం చందా వేసుకుని కడదాం.

సూరత్ వారి సంబరం రెండేళ్ళే సాగింది. 2025లో అదే తేదీన విశాఖపట్నంలో, ప్రధానమంత్రి సమక్షంలో, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షలకు పైగా జనాన్ని కూర్చోబెట్టి మనవాళ్ళు ఆ రికార్డును లాక్కొచ్చేశారు. చాలదన్నట్టు, ముందు రోజే ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో వేలాది గిరిజన విద్యార్థుల చేత 108 నిమిషాల్లో 108 సూర్యనమస్కారాలు చేయించి ఇంకో రికార్డు కొట్టారు. ఆంధ్రులు ఆరంభశూరులని ఎవరో ఏనాడో అన్న మాటకు ఇన్నేళ్ళూ ఉడుక్కుంటూ వచ్చాం. ఇక ఆ అవసరం లేదు. అంతర్జాతీయ సంస్థ సంతకం చేసి మరీ ఇచ్చింది, ఫ్రేము కట్టించుకోవడమే తరువాయి.

యోగా మీద నాకు పగేమీ లేదు. కాకపోతే యోగం కుదిరినవాడికి పక్కవాడు కనిపించకూడదని చిన్నప్పుడు విన్నాను. ఇక్కడ పక్కవాడు రాకపోతే రికార్డే రాదు.

ఆ ఒక్క రోజుకూ మిగిలిన 364 రోజులకూ మధ్య ఉన్న గోతిలోనే ఒక బజారు వెలిసింది. ఆ బజారులో అమ్మే సరుకు పేరు మోటివేషన్. సూరత్‌కు సరుకు అమ్మడం ఒకరు నేర్పాలా? దేశం నలుమూలలా కట్టే చీరలు ఇక్కడి రింగ్ రోడ్డు మార్కెట్లలోనే మూటలు కట్టుకుని బయల్దేరతాయి. ప్రపంచంలో పది వజ్రాలుంటే తొమ్మిది ఇక్కడే సానపడతాయంటారు. ఖజోద్‌లో 2023 డిసెంబరు 17న ప్రధానమంత్రి ప్రారంభించిన డైమండ్ బోర్స్ 67 లక్షల చదరపు అడుగుల ఆఫీసు భవనం. అమెరికా పెంటగాన్ కూడా దాని తర్వాతే. అందులో 131 లిఫ్టులు. మెట్లు కూడా ఉన్నాయి. ఆ సంగతి అగ్నిమాపక శాఖ వారికి తెలుసు.

అలాంటి ఊళ్ళో వ్యాయామం చేయాలన్న కోరిక మాత్రం ఊరికే ఎలా దొరుకుతుంది? అందుకు స్పీకర్లున్నారు. టికెట్టు పెట్టి, ఏసీ హాల్లో మూడు గంటలు కుర్చీలకు అతికించి, ఎక్కువసేపు కూర్చోవడం ఎంత ప్రాణాంతకమో విడమరిచి చెబుతారు. మైకు పట్టుకున్నాయన వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంటాడు. ఆ పూట ఆ హాల్లో వ్యాయామం చేసింది ఆయనొక్కడే. డబ్బులు మనవి, అడుగులు ఆయనవి. బయటికొచ్చాక జనం పార్కింగులో కారు దాకా నడవాల్సి వచ్చినందుకు విసుక్కుంటారు.

స్పీకరు గారి మాటల్లో రెండు అంకెలు తప్పనిసరిగా వస్తాయి. మొదటిది 21. ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందట. దీని పుట్టుక తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ముక్కు సరిచేయించుకున్నవాడికి తన కొత్త ముక్కు అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి 1960లో ఓ పుస్తకంలో రాశాడు. ఆయన చెప్పింది ముక్కు సంగతి. మనం దాన్ని తెచ్చి మోకాళ్ళకు తగిలించాం. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం మామూలు మనుషులను తీసుకుని 2009లో లెక్క తేలిస్తే, ఒక అలవాటు స్థిరపడటానికి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని వచ్చింది. మధ్యస్థంగా 66. "254 రోజుల్లో మీ జీవితం మారిపోతుంది" అని పోస్టరు వేస్తే టికెట్లు తెగవు కాబట్టి ఆ అంకె హాలు లోపలికి రాదు.

రెండోది 10,000. రోజుకు పదివేల అడుగులు. వేదవాక్కులా చెబుతారు. 1964 టోక్యో ఒలింపిక్స్ వేడి చల్లారకముందే, 1965లో యమసా అనే జపాన్ కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి బజారులో పెట్టి దానికి మాన్పో-కెయ్, అంటే పదివేల అడుగుల మీటరు, అని పేరు పెట్టింది. సరుకు పేరు కాస్తా శాస్త్రమై కూర్చుంది. 2019లో హార్వర్డ్‌లో ఐ-మిన్ లీ సగటు వయసు డెబ్బై దాటిన ఆడవాళ్ళను పరిశీలిస్తే, 4,400 అడుగులు వేసినవారికే ప్రాణాపాయం చెప్పుకోదగ్గంత తగ్గిందనీ, 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదనీ తేలింది. ఈ కబురు మన చేతి గడియారానికి ఎవరూ చెప్పలేదు. రాత్రి పదకొండున్నరకు అది మణికట్టు మీద కుయ్యిమంటుంది. ఇంటి పెద్దమనిషి లేచి, పడకగదికీ వంటింటికీ మధ్య మిగిలిన ఆరువందల అడుగులూ తొక్కుతాడు. వంటింటి వైపు వెళ్ళిన ప్రతిసారీ ఫ్రిజ్ తలుపు ఒకసారి తెరుచుకుంటుంది.

ఇక జిమ్ములు. వేసు, వీఐపీ రోడ్డు, అడాజన్, ఎటు వెళ్ళినా అద్దాల గోడల వెనుక ట్రెడ్‌మిల్లులు రోడ్డుకు అభిముఖంగా వరసగా నిలబడి ఉంటాయి, లోపల పరిగెత్తేవాడు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడికి కనపడాలని. ఏడాది ప్యాకేజీ తీసుకుంటే మూడు నెలలు ఉచితం. సూరత్ వ్యాపారి మీటరుకు పావలా తేడా వస్తే లారీ సరుకు వెనక్కి తిప్పి పంపగల మొనగాడు. అంతటివాడు జనవరి మొదటి వారంలో బేరం కూడా ఆడకుండా ఏడాది సొమ్ము కట్టేసి, హోలీ నాటికి ఆ జిమ్ము ఏ మలుపు దగ్గరుందో మరిచిపోతాడు.

ఆయన ఒంటరివాడేమీ కాదు. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్‌రికే మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా జిమ్ముల హాజరు పట్టీలు తిరగేసి 2006లో ఒక పత్రం అచ్చేశారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యుడు నెలలో నాలుగైదు సార్లకు మించి రావడం లేదు. అంటే వచ్చిన ఒక్కో పూటకు 17 డాలర్లు పడింది. పదిసార్ల పాసు కొనుక్కుని ఉంటే పూటకు 10 డాలర్లతో పోయేది. రేపటి నుంచి తాను వేరే మనిషినైపోతానన్న నమ్మకానికి ఆ తేడా సొమ్ము ధర. జిమ్ము యజమాని దృష్టిలో ఉత్తమ సభ్యుడంటే కండలు పెంచినవాడు కాదు, డబ్బు కట్టి రానివాడు. సభ్యులందరూ నిజంగానే మోటివేట్ అయి ఒకే సాయంత్రం ఊడిపడితే డంబెల్స్ సంగతి దేవుడెరుగు, నిలబడటానికి నేల చాలదు.

సూరత్ భోజనం, కాశీ మరణం అని గుజరాతీలు పూర్వం నుంచీ చెప్పుకునే మాట. లోచో అనే ఇక్కడి ఫలహారం మీద చీజు తురమడం మొదలయ్యాక కాశీ మరీ దగ్గరైంది. ఆదివారం పొద్దున్నే గౌరవ్ పథ్‌లో కొత్త బూట్లతో నడిచే గుంపులు చూడండి. నడక ఏ మూల మొదలైనా, లోచో బండి దగ్గరే ముగుస్తుంది. శనగపప్పు పిండి ఆవిరి మీద ఉడికినదే కదా, ఆరోగ్యమే కదా అని మొదలుపెడతారు. దాని మీద నూనె, నూనె మీద వెన్న, వెన్న మీద సేవ్. అరగంట నడకకు తగిన ప్రతిఫలం దొరక్కపోతే వచ్చే ఆదివారానికి మోటివేషన్ ఎక్కడి నుంచి వస్తుంది మరి!

ఇదే జనాన్ని శరన్నవరాత్రుల్లో చూడాలి. లిఫ్టు చెడిపోయిందని మొదటి అంతస్తు ఎక్కడానికి కూడా ఆయాసపడే ఇల్లాలు, కిలోల బరువున్న చణియా చోళీ కట్టుకుని తొమ్మిది రాత్రులు గంటల తరబడి గుండ్రంగా తిరుగుతుంది. గర్బా ఆడండి, గుండెకు మంచిది అని ఆమెకు ఏ స్పీకరూ చెప్పలేదు. గర్బాకు ఏడాది ప్యాకేజీ కట్టి ఎగ్గొట్టినవారి గురించి నేను వినలేదు. యునెస్కో 2023 డిసెంబరులో గుర్తింపు ఇచ్చేదాకా ఆగినవాళ్ళూ లేరు. అవే రోజుల్లో రైలు పట్టాల అవతల లింబాయత్ గల్లీల్లో మన తెలంగాణ ఆడపడుచులు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ పొద్దుపోయేదాకా తిరుగుతారు. ఎన్ని అడుగులు పడ్డాయో ఎవరూ చూసుకోరు. చూసుకునేదల్లా వలయంలో ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఫలానా వదిన చీర ఎంత పెట్టి కొంది అన్నవే. రాకపోతే మర్నాడు నలుగురూ నిలదీస్తారు. ఆ నిలదీతను ప్యాకెట్లో పెట్టి అమ్మడం ఇంకా ఎవరికీ చేతకాలేదు కాబట్టే బజారులో దాని ప్రస్తావన రాదు.

(ఆ చెమట ఆరీ ఆరకముందే శరత్ పూర్ణిమ మర్నాడు చందీ పడవో పండుగ వస్తుంది. ఊరంతా రోడ్ల పక్కన దుప్పట్లు పరిచి, కోవా కూరి పైన నెయ్యి గడ్డకట్టించిన ఘారీలు లాగిస్తుంది. తొమ్మిది రాత్రుల జమ ఒక్క రాత్రిలో ఖర్చు. వ్యాపారస్తుల ఊరు కదా, ఖాతా అప్పటికప్పుడే సరిచేసుకోవడం అలవాటు.)

ఇంత మోటివేషన్ కొనుక్కునే ఊరు, ఒక పనిని రోజూ చేయడం ఎలాగో తనకే తెలుసన్న సంగతి మరిచిపోవడం నాకు వింతగా ఉంటుంది. పైగా ఆ విద్య నేర్పింది తెలుగువాడు.

1994 సెప్టెంబరులో సూరత్‌కు ప్లేగు వచ్చింది. లక్షల మంది దొరికిన రైలెక్కి, బస్సెక్కి పారిపోయారు. దేశంలోనే మహా మురికి ఊరని ప్రపంచమంతా ముక్కు మూసుకుంది. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనరుగా సూర్యదేవర రామచంద్రరావు వచ్చారు. ఎస్.ఆర్. రావు అంటే ఇప్పటికీ ఆ ఊరి పెద్దవాళ్ళు తల ఊపుతారు. ఆయన చేసిన పనుల్లో మైదానంలో ప్రతిజ్ఞలు, టీషర్టులు, రికార్డులు వంటివి వెతికినా దొరకవు. ఊరిని ఆరు మండలాలుగా విడగొట్టి, అధికారాలు ఆ మండలాల అధికారులకే పంచారు. ఏసీ నుంచి డీసీకి రమ్మన్నారు. డీసీ అంటే డైలీ చోర్స్, రోజువారీ పని. ప్రతి పొద్దునా అధికారులు ఫైళ్ళ ముందు కాదు, కాలువల ముందు ఉండాలి. తానూ ఉండేవారు. చెత్త వేసిన హోటలుకు జరిమానా, దారి ఆక్రమించినవాడి గోడకు గునపం. రాత్రిళ్ళు వీధులు ఊడవడం మొదలైంది. రెండేళ్ళు తిరక్కుండానే, 1996లో, ఇంటాక్ సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో శుభ్రమైన నగరం సూరతేనంది. 1998లో రావు గారికి పద్మశ్రీ వచ్చింది. ఆయన వెళ్ళిపోయారు. ఊడవడం ఆగలేదు. 2024 జనవరిలో ప్రకటించిన స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానంలో నిలబడింది.

ఇప్పటి యోగా పద్ధతిలో ఆనాడు ప్లేగును ఎదుర్కొని ఉంటే ఎలా ఉండేదో ఊహించండి. లక్షన్నర మంది డుమస్ రోడ్డు మీద కొత్త చీపుర్లు పట్టుకుని బారులు తీరేవారు. ముఖ్య అతిథి మొదటి ఆకును ఊడ్చేవారు. గిన్నిస్ వారు చీపుర్లు లెక్కపెట్టేవారు. సాయంత్రానికి లక్షన్నర విరిగిన చీపుర్లు రోడ్డు మీద చెత్తగా మిగిలేవి. మర్నాడు ఎలుకలు యథాప్రకారం డ్యూటీకి హాజరయ్యేవి.

రాత్రి పదింటికి రింగ్ రోడ్డు మీద చీపురు పట్టే మనిషికి ఆ పూట ఉత్సాహంగా ఉందో లేదో కార్పొరేషన్ అడగదు. రమ్మన్న వేళకు రావాలి, వస్తే జీతం, రాకపోతే కోత. ఊరి ఒంటిని అద్దంలా ఉంచడానికి ఇంత మొరటు ఏర్పాటు సరిపోయింది. మన సొంత ఒంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం లోపలి నుంచి ఏదో పొంగుకు రావాలి, సూర్యోదయం చూసి కళ్ళు చెమర్చాలి, ప్లేలిస్టు కుదరాలి.

శాస్త్రజ్ఞులు ఇది కూడా తూచి చూశారు. 2021లో కేథరిన్ మిల్క్‌మన్ బృందం అమెరికాలో 61 వేల మంది జిమ్ము సభ్యుల మీద 54 రకాల ప్రోత్సాహకాలు ఒకేసారి ప్రయోగించి నేచర్ పత్రికలో అచ్చేసింది. సందేశాలు, సలహాలు, ప్రణాళికలు, బహుమతులు అన్నీ ఉన్నాయందులో. అన్నిటికన్నా బాగా పనిచేసిందేమిటో తెలుసా? ఒక రోజు ఎగ్గొట్టి మళ్ళీ వచ్చినవాడి ఖాతాలో 9 సెంట్ల విలువైన పాయింట్లు అదనంగా వేయడం. తొమ్మిది సెంట్లు! నాలుగు వారాల ప్రయోగం ముగిశాక కూడా ప్రభావం నిలిచిన పథకాలు వందకు ఎనిమిదే. ఈ లెక్కన స్పీకరు గారి టికెట్టు డబ్బులతో ఒక వీధి వీధినంతా నడిపించవచ్చు.

ఇంతవరకూ మాట్లాడిందంతా దాదాపుగా పట్టాలకు ఇవతలి సూరత్ గురించి. అవతల లింబాయత్, గోడాదరా, పర్వత్ పాటియా ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు తరాల కిందటే అక్కడ స్థిరపడ్డారు. వాళ్ళ పిల్లల కోసం సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. సాంచాల పని, అంటే మరమగ్గాల పని, పన్నెండు గంటల పాళీ. ఒక్కడే ఎన్నో సాంచాలు చూసుకోవాలి, తెగిన పోగు కలపాలి, అయిపోయిన కండె మార్చాలి, మళ్ళీ మొదటి సాంచా దగ్గరికి పరుగెత్తాలి. పగటి పాళీ, తర్వాత రాత్రి పాళీ. కూలి మీటరు లెక్కన. మీరు పదివేల అడుగులని ముచ్చటపడే సరుకు అతడు భోజనం గంట కొట్టకముందే తొక్కేసి ఉంటాడు. చేతికి గడియారం లేదు కాబట్టి ఎవరూ చప్పట్లు కొట్టరు.

2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక లెక్క చెప్పింది. మన దేశంలో పెద్దవాళ్ళలో సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదట. ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42 శాతం. ఈ లెక్కల్లో పని శ్రమను కూడా కలుపుతారు గనుక, సాంచాల కార్మికుడు మహా చురుకైనవాళ్ళ కిందికి వస్తాడు. సంతోషం. కానీ గుండె పెట్టుకునే లెక్క వేరు. యూరప్ పరిశోధకులు ఎన్నో అధ్యయనాలు కలిపి చూసి 2018లో తేల్చిందేమిటంటే, ఒళ్ళు అలిసే పని చేసే మగవాళ్ళకు, తేలిక పని వాళ్ళ కంటే త్వరగా పోయే ప్రమాదం 18 శాతం ఎక్కువ. దీని మీద శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటున్నారు, వాదించుకోనివ్వండి. విరామం లేని, తన చేతిలో లేని పన్నెండు గంటల తిరుగుడు వ్యాయామం కాదన్నది వారి అనుమానం. షోకుకు నడిస్తే ఆయుష్షు, కూలికి నడిస్తే ఆయాసం. లేబర్ కోర్టులో కూడా ఇంత పక్షపాతం ఉండదు.

అందుకే అటువంటి చోట్ల అప్పుడప్పుడు ఆరోగ్య శిబిరాలు పెడతారు. రాత్రి పాళీ దిగి, చెవుల్లో ఇంకా సాంచాల మోత తగ్గని మనిషి ఒకడు వరసలో నిలబడ్డాడనుకోండి. బీపీ చూస్తారు, చక్కెర చూస్తారు. డాక్టరు గారు తలెత్తకుండా చీటీ మీద రాస్తారు: రోజూ అరగంట చురుకైన నడక. పక్కన శిబిరం దాతల తరఫున వచ్చిన ట్రాక్‌సూట్ పెద్దమనిషి ఆప్యాయంగా భుజం తట్టి, "టైము లేదనేది సాకు భాయ్. అసలు లోటు మోటివేషన్‌ది" అంటాడు.

"గట్లనా సారూ," అంటాడు మనవాడు చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ. "మీటరుకెంత పడ్తది?"